ఇంజన్ దించాలి అంటే ఒక్క నిమిషం ఆగండి సామీ

బండి దారిలో ఆగిపోయిందా, ముందు కిక్ కొట్టేది ఆపండి. ఈ మాట అందరికీ చెప్తా ఉంటాను, ఎవరూ వినరు, మొదట్లో నేనూ వినలేదు. ఆగిన బండిని కోపంతో ఇరవై ముప్పై సార్లు కొడితే ప్లగ్గు పెట్రోల్‌తో తడిసి ముద్దయిపోతాది, అసలు జబ్బు ఏందో తెలీకముందే ఇంకో జబ్బు వచ్చి దాని మీద కూర్చుంటాది, తర్వాత మెకానిక్ ప్లగ్గు ఊడదీసి "ఓవర్ పెట్రోల్ సామీ, కార్బురేటర్ మార్చాల" అంటాడు, మనం తలూపుతాం. అదే ఆగిన అయిదు నిమిషాల లోపల, ఇంజన్ ఇంకా కాలతా ఉన్నప్పుడే రెండు మూడు సంగతులు చూసుకుంటే సగం కేసులు రోడ్డు పక్కనే తేలిపోతాయి.

నాది 1999 మోడల్ స్ప్లెండర్, మా నాయన పాకాల నుంచి తిరుపతికి రోజూ డ్యూటీకి తిప్పిన బండి, ఏపీ 03 నంబరు. 97.2 సీసీ, గాలికి చల్లబడే ఇంజన్, కార్బురేటర్, కిక్ మాత్రమే. నేను చెప్పేదంతా ఎక్కువగా ఆ ఇంజన్ గురించే, కానీ కార్బురేటర్ ఉన్న ఫోర్ స్ట్రోక్ పాత బండి ఏదైనా లెక్క ఒకటే, కొలతలు మాత్రం మీ బండి మాన్యువల్ చూసుకోండి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 బండ్లు వేరే కథ, వాటి జోలికి నేను పోను. ఆర్ఎక్స్ 100 అన్నలు ట్యాపెట్ (వాల్వు దగ్గర సందు సరిచేసే చోటు) గురించి రాసిన భాగం దాటేసి పోవచ్చు, టూ స్ట్రోక్ కాబట్టి ఆ బాధ మీకు లేదు.

ఒక ఎండాకాలం పీలేరులో పెళ్ళికి పోతా చంద్రగిరి దాటి భాకరాపేట కనుమ ఎక్కుతా ఉంటే బండి మెల్లగా పీకడం మానేసింది, థర్డ్ నుంచి సెకండ్‌కి వచ్చినా అంతే, ఇంకో మలుపు తిరిగేసరికి ఆగిపోయింది. పావుగంట చెట్టు కింద కూర్చుని కొడితే ఒక్క కిక్‌కే స్టార్ట్. మూడు కిలోమీటర్లు పోయినాక మళ్ళీ అదే వరస. అట్లా నాలుగు సార్లు ఆగి ఆగి పెళ్ళికి పోయేసరికి తాంబూలాలు ఇచ్చేస్తా ఉన్నారు. ఊరికి తిరిగొచ్చి ఒక షాపులో చూపిస్తే వాడు రెండు సార్లు రేజ్ చేసి "పిస్టన్ పట్టేస్తా ఉంది, ఇంజన్ దించాల, ఆరు వేలు అయితాది" అన్నాడు. మా నాయన ఆ మాట విని ఇంకో పెద్దాయన దగ్గరికి తీసకపొమ్మన్నాడు. ఆయన బండి ఎక్కనే లేదు. నన్నే ఊరంతా ఒక రౌండ్ తిప్పుకోని రమ్మన్నాడు, వచ్చినాక బండి ఆపి కిక్ మీద చెయ్యి పెట్టి చేత్తోనే మెల్లగా నొక్కినాడు. కిక్ వెన్నలో కత్తి దిగినట్టు దిగిపోయింది. "గాలి పట్టడంలా సామీ. ట్యాపెట్ ఎవరు టైట్ చేసినారు?" అన్నాడు.

ఎవరు చేసినారంటే, నేనే చేయించినాను. అంతకు నెల ముందు సర్వీస్‌కి ఇచ్చినప్పుడు "హెడ్ లోంచి టిక్ టిక్ అని సౌండ్ వస్తా ఉంది, పోయేట్టు చెయ్యన్నా" అని చెప్పింది నేనే, ఆ పిల్లోడు సౌండ్ పోయేదాకా బిగించి ఇచ్చినాడు, నేను కూడా బండి కొత్తదాని మాదిరి నిశ్శబ్దంగా ఉందని మురిసిపోయినాను.

ఇక్కడ లోపల జరిగేది కొంచెం చెప్తాను. ఎగ్జాస్ట్ వాల్వు కాలిన పొగ బయటికి పోయే దారిలో ఉంటాది కాబట్టి ఇంజన్లో అన్నిటికంటే ఎక్కువ వేడెక్కేది అదే, వేడెక్కితే ఇనుము సాగుతాది. ఆ సాగేదానికి చోటు ఉండాలనే వాల్వుని నొక్కే చిన్న చెయ్యి లాంటి రాకర్‌కీ వాల్వు తలకీ మధ్యలో వెంట్రుకవాసి సందు వదుల్తారు, దాన్నే మనం ట్యాపెట్ గ్యాప్ అంటాం. సందు లేకుండా బిగించేస్తే చల్లగా ఉన్నప్పుడు వాల్వు సరిగ్గానే మూసుకుంటాది, వేడెక్కి సాగినాక రాకర్‌కి తగులుకోని కొంచెం తెరిచినట్టే ఉండిపోతాది, ఆ సందులోంచి కంప్రెషన్, అంటే సిలిండర్లో నొక్కుకున్న గాలి, పోతాది, బండి పీకదు, ఆగిపోతాది. చల్లబడితే మళ్ళీ మామూలే. ఇట్లే తిప్పుకుంటా పోతే వాల్వు అంచు కాలి ముక్క లేచిపోతాది, అప్పుడు నిజంగానే హెడ్ విప్పాల్సి వస్తాది. ఇంకోటి, ఎవరూ ముట్టుకోకపోయినా ఏళ్ళ మీద వాల్వు అది ఆనుకుని మూసుకునే సీటులోకి కొంచెం కొంచెం అరిగి దిగుతాది, దాంతో గ్యాప్ తగ్గిపోతా వస్తాది. అందుకే సన్నగా టిక్ టిక్ అనే పాత బండిని చూసి నేను భయపడను, ఒక్కసారిగా సౌండ్ ఆగిపోయిన బండిని చూస్తే మాత్రం పానా తీస్తాను.

వేడెక్కినాక ఆగి, చల్లబడితే స్టార్ట్ అయ్యే బండికి నేను చూసినంతలో మూడే కారణాలు ఎక్కువ. ఆగిన వెంటనే ట్యాంకు మూత తీయండి. "స్స్" అని గాలి లోపలికి పీల్చుకుని వెంటనే స్టార్ట్ అయితే మూతలో ఉండే చిన్న గాలి బొక్క మూసుకపోయినట్టు. లోపలికి గాలి రాకపోతే పెట్రోల్ కిందికి దిగదు కదా, నీళ్ళ సీసా బోర్లించి పట్టుకున్నప్పుడు గుడగుడమని ఆగి ఆగి పడినట్టే ఇదీ. మూత ఊడదీసి సన్న తీగతో ఆ బొక్క క్లీన్ చేసి, నోటితో ఊది చూసుకుంటే అయిపోతాది, రూపాయి ఖర్చు లేదు. మూత తీసినా పని జరక్కపోతే ప్లగ్గు ఊడదీసి క్యాప్‌కి పెట్టి, దాని ఇనుప భాగం హెడ్‌కి ఆనించి కిక్ కొట్టి చూడండి, ప్లగ్గు బొక్కకి దూరంగా పెట్టండి, అందులోంచి పెట్రోల్ ఆవిరి వస్తాది, నిప్పు అంటుకుంటాది. నీలంగా చిటుక్కుమంటే కరెంటు ఉంది. వేడిలో స్పార్కు లేకుండా, అరగంట తర్వాత చూస్తే ఉంటే మ్యాగ్నెట్ (ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) కాయిల్ గానీ సీడీఐ (స్పార్కు పడే వేళ చూసే పెట్టె) గానీ వేడికి తెగతా ఉంది, ఇది మార్చాల్సిందే. పెట్రోల్ ఉంది, స్పార్కూ ఉంది, కానీ కిక్ తేలిగ్గా దిగిపోతా ఉంది అంటే ట్యాపెట్. ఈ మూడూ చూసేదానికి పది నిమిషాలు చాలు, ఒక ప్లగ్ పానా చాలు.

ట్యాపెట్ ఇంట్లో పెట్టుకునేది ఎట్లా అంటే, ముందు మాట, రాత్రంతా నిలిపిన బండికి పొద్దున్నే చెయ్యాల. నేను ఆదివారం ఆరు గంటలకి, ఎండ రాకముందే మొదలుపెడతాను. వేడి ఇంజన్ మీద పెట్టిన గ్యాప్ లెక్కలోకి రాదు. సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్లో పెట్టి, ప్లగ్గు తీసేయండి, దాంతో ఇంజన్ చేత్తో తేలిగ్గా తిరుగుతాది. హెడ్‌కి పైన ఒకటి కింద ఒకటి రెండు గుండ్రటి మూతలు ఉంటాయి, పైది ఇన్లెట్, కిందది ఎగ్జాస్ట్. ఎడమ వైపు మ్యాగ్నెట్ కవర్‌కి రెండు మూతలు, నడిమిది తీస్తే నట్టు కనిపిస్తాది, పైది తీస్తే చిన్న కిటికీ. నట్టుకి బాక్స్ పానా వేసి గడియారం ముల్లుకి ఎదురు దిక్కులో తిప్పుతా కిటికీలో చూస్తా ఉంటే మ్యాగ్నెట్ మీద "టీ" అని చెక్కిన గుర్తు వస్తాది, దాని గీత కవర్ మీది గాటుకి సరిగ్గా ఎదురుగా రావాల. అక్కడ ఆపి రెండు రాకర్లనీ వేళ్ళతో కదిలించి చూడండి. రెండూ కొంచెం ఆడతా ఉంటే సరైన చోట ఉన్నారు. ఏదైనా ఒకటి బిర్రుగా ఉంటే పిస్టన్ పైనే ఉన్నా స్ట్రోక్ వేరేది, ఇంకో పూర్తి రౌండ్ తిప్పి మళ్ళీ గుర్తుకి తీసుకురండి. ఇంటర్నెట్ చూసి చేసేవాళ్ళలో సగం మంది తప్పు చేసేది ఇక్కడే.

మా బండికి రెండు వాల్వులకీ 0.05 ఎంఎం. ఫీలర్ గేజ్ అని ఆటో పరికరాల షాపుల్లో అమ్ముతారు, అందులో అన్నిటికంటే సన్నటి రేకుల్లో ఒకటి అది, తొందరపడితే చాక్లెట్ కాగితం మాదిరి నలిగిపోతాది. రేకుకి చుక్క ఆయిల్ రాసి వాల్వు తలకీ అడ్జస్టర్‌కీ మధ్యలో దూర్చి లాగండి. వదులుగా జారిపోకూడదు, పట్టుకోని రాకుండానూ ఉండకూడదు, తమలపాకుల కట్టలోంచి నడిమి ఆకు లాగితే ఎట్లా వస్తాదో అట్లా రావాల. లాక్ నట్టు వదులు చేసి, అడ్జస్టర్ తిప్పి, ఆ పట్టు రాగానే అడ్జస్టర్ని కదలకుండా పట్టుకోని నట్టు బిగించండి. బిగించినాక మళ్ళీ రేకు పెట్టి చూడాల, ఎందుకంటే నట్టు బిగించేటప్పుడు అది ఖచ్చితంగా కొంచెం తిరుగుతాది, నాకు ఇప్పటికీ మూడు నాలుగు సార్లు చేస్తే గానీ కుదరదు. టైటా లూజా అని అనుమానం వస్తే లూజు వైపే వదిలేయండి. మూతల కింద రబ్బరు రింగులు గట్టిపడి ఉంటే కొత్తవి వేసుకోండి, లేకపోతే మరుసటి రోజే ఆయిల్ చెమట పడతాది. మూడు వేల కిలోమీటర్లకి ఒకసారి చూసుకుంటే సరిపోతాది.

ఇంకా మూతలు గానీ ప్లగ్గు గానీ ముందు చేత్తోనే నాలుగు చుట్లు తిప్పి ఎక్కించి, ఆఖర్లో మాత్రమే పానా వాడండి. అల్యూమినియం మర చాలా మెత్తగా ఉంటాది. నా బండికి ఆయిల్ బోల్టు మర ఇట్లే పోయింది, ఒక షాపులో కుర్రోడు కాలితో తొక్కి బిగించినాడు, తర్వాత సారి విప్పితే బోల్టుతో పాటు మర కూడా జిలేబీ మాదిరి చుట్టుకుని బయటికి వచ్చింది. లేత్ దగ్గర కొత్త మర వేయించేదానికి రెండు రోజులు తిరిగినాను. అప్పటి నుంచి ఆయిల్ నేనే మార్చుకుంటా ఉన్నా.

ఆయిల్ గురించి పెద్దగా చెప్పేది లేదు కానీ చెప్పాల. షాపులో 900 మిల్లీ డబ్బా ఇస్తారు, 10డబ్ల్యూ30, డబ్బా మీద జాసో ఎంఏ (బైకు క్లచ్‌కి పడే ఆయిల్ అనే గుర్తు) అని ఉండాల. కారు ఆయిల్ మిగిలింది కదా అని పోసేవాళ్ళు ఉన్నారు, మన బండ్లలో క్లచ్ ప్లేట్లు కూడా అదే ఆయిల్లో మునిగి ఉంటాయి, కారు ఆయిల్లో కలిపే జారుడు మందుకి క్లచ్ జారిపోతాది. డబ్బా మొత్తం కుమ్మరించకుండా కొంచెం కొంచెం పోసి డిప్‌స్టిక్ చూసుకోండి, బండి సెంటర్ స్టాండ్ మీద నిటారుగా ఉండాల, స్టిక్‌ని తిప్పి బిగించకుండా ఊరికే ఆనించి తీసి చూడాల. పాత ఇంజన్ కొంచెం ఆయిల్ తాగతాది, అది తప్పు కాదు, కానీ ఎంత తాగతా ఉందో మీకు తెలిసుండాల, కాబట్టి నెలకి రెండు సార్లు స్టిక్ చూడండి. మాన్యువల్లో ఎక్కువ కిలోమీటర్లు రాసుంటాది కానీ మన మే నెల ఎండకి, రేణిగుంట రోడ్డు ట్రాఫిక్‌కి, నేను రెండు వేలకే మారుస్తాను. నాలుగైదు ఆయిల్ మార్పులకి ఒకసారి కుడి వైపు క్లచ్ కవర్ విప్పించి లోపల జాలీ, తిరిగే ఫిల్టరు క్లీన్ చేయించండి. ఇది చాలామంది జన్మలో ఒక్కసారి కూడా చేయించరు. మాది మొదటిసారి విప్పినప్పుడు అందులోంచి నల్లటి జిగురు చెంచాతో గీకి తీసినాం, అచ్చం పాకం ముదిరిన బెల్లం.

ఇప్పుడు పొద్దున్నే స్టార్ట్ కాని బండి సంగతి. ట్యాపు ఆన్‌లో ఉందా, రిజర్వ్‌కి తిప్పినారా, నవ్వకండి, మా బావమరిది ట్యాపు ఆఫ్ చేసిన బండిని కొర్లగుంట నుంచి లీలామహల్ సర్కిల్ దాకా తోసుకోని పోయినాడు. తర్వాత కార్బురేటర్ అడుగున డ్రెయిన్ స్క్రూ వదులు చేసి ఒక తెల్లటి సీసా మూతలోకి కొంచెం పెట్రోల్ పట్టి చూడండి. ఏమీ రాకపోతే ట్యాపు జాలీ గానీ ట్యూబు గానీ మూసుకపోయింది. వచ్చినదాంట్లో అడుగున వేరే గుండ్రటి బుడగల మాదిరి దొర్లతా ఉంటే అది నీళ్ళు. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు, ఇథనాల్‌కి నీళ్ళంటే ప్రాణం, ట్యాంకులోకి కొంచెం ఎక్కువ తేమ చేరితే ఆ రెండూ కలిసి పెట్రోల్ని వదిలేసి అడుగుకి దిగిపోతాయి, ట్యాపు లాగేది అడుగు నుంచే కదా. కాబట్టి నెలల తరబడి నిలిపే బండి ఉంటే ట్యాపు ఆఫ్ చేసి కార్బురేటర్ ఖాళీ చేసి పెట్టండి. పాత రబ్బర్లకి కూడా ఈ పెట్రోలు పడదు, ట్యూబు గట్టిపడి పగుళ్ళు వచ్చినా, కార్బురేటర్లోకి పెట్రోల్ ఆపే ఫ్లోట్ నీడిల్ కొన ఉబ్బినా, ఓవర్ అయ్యి కింద కారతా ఉంటాది. ఏడాదికొకసారి ట్యూబు మార్చేస్తే మేలు, అది ఎంతని.

ప్లగ్గు రంగు చూడడం నేర్చుకోండి, అది ఇంజన్‌కి నాడి లాంటిది. ఒక పది కిలోమీటర్లు మామూలు స్పీడ్‌లో పోయి ఆపి తీసి చూస్తే పింగాణీ కాఫీపొడి రంగులో ఉంటే బాగుంది. పొడిగా మసి మాదిరి నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ పోతా ఉంది లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకపోయింది, ముందు ఫిల్టరే చూడండి. స్పాంజి ఫిల్టర్ అయితే కిరసనాయిల్లో ఉతికి ఆరబెట్టి చుక్క ఇంజన్ ఆయిల్ పట్టించి పిండి వేసుకోవాల, కాగితం ఫిల్టర్ అయితే ఉతకొద్దు, మార్చేయండి. నల్లగా, తడిగా, జిడ్డుగా ఉంటే ఆయిల్ పైకి వస్తా ఉంది. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే పెట్రోల్ చాలడంలా, ఇంజన్ మాడతా ఉంది, ఈ20 వచ్చినాక కార్బురేటర్ బండ్లలో ఇది కొంచెం ఎక్కువ చూస్తా ఉన్నా, నీడిల్‌కి గాళ్ళు ఉంటే క్లిప్పు ఒక గాడి కిందికి దించితే నీడిల్ పైకి లేచి పెట్రోల్ కొంచెం ఎక్కువ అందుతాది. మా బండి ప్లగ్ గ్యాప్ 0.6 నుంచి 0.7 ఎంఎం. స్పార్కు బలహీనంగా ఉంటే కొత్త ప్లగ్గు కొనేముందు క్యాప్ తిప్పి ఊడదీసి, వైరు కొన పావు అంగుళం కత్తిరించి మళ్ళీ తిప్పి ఎక్కించి చూడండి, లోపల పచ్చగా చిలుము పట్టి ఉంటాది. అన్నట్టు బ్యాటరీ చచ్చిపోయింది అందుకే స్టార్ట్ కాలేదు అని ఎవరైనా చెప్తే మా రకం కిక్ బండ్ల విషయంలో నమ్మొద్దు, వీటికి స్పార్కు కరెంటు మ్యాగ్నెట్ నుంచే వస్తాది.

కార్బురేటర్ విప్పితే జెట్లని గుండుసూదితో పొడవొద్దు. ఇత్తడి మెత్తన, బొక్క వెంట్రుకంత పెద్దదయినా మైలేజి పోతాది. క్లీనర్ స్ప్రే కొట్టండి, లేకపోతే పెట్రోల్లో నానేసి పంక్చర్ షాపు గాలితో ఊదించుకోండి. ఎయిర్ స్క్రూ పూర్తిగా బిగించి (గట్టిగా కాదు, ఆగేదాకా) ఒకటిన్నర రౌండు వెనక్కి తిప్పి మొదలుపెట్టండి, ఇంజన్ బాగా వేడెక్కినాక పావు పావు రౌండు అటూ ఇటూ తిప్పుతా ఐడిలింగ్ ఎక్కడ ఎక్కువగా, సాఫీగా ఉంటాదో అక్కడ వదిలేసి, స్పీడ్ స్క్రూతో ఐడిలింగ్ తగ్గించుకోండి. పెట్రోల్ ఆదా అని ఐడిలింగ్ మరీ తగ్గించి పెట్టేవాళ్ళ బండే సిగ్నల్ దగ్గర ఆగిపోయి వెనకోళ్ళ చేత తిట్లు తింటాది. ఇంకో ఆదా పిచ్చి ఉంది మనోళ్ళకి, మొగిలి కనుమ దిగేటప్పుడు తాళం ఆఫ్ చేసి గేర్లోనే దిగడం. గేర్లో ఉంటే ఇంజన్ తిరగతానే ఉంటాది, కార్బురేటర్ పెట్రోల్ పీల్చతానే ఉంటాది, అది కాలకుండా సైలెన్సర్లోకి పోతాది, కింద తాళం ఆన్ చేయగానే ఢాం అంటాది. ఆదా ఏముంది అందులో.

మరి నిజంగా ఇంజన్ విప్పాల్సింది ఎప్పుడు? పొగ చూడండి. రాత్రంతా నిలిపి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్క నిమిషం నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్ళు, అది హెడ్ వరకే పని. యాక్సిలేటర్ ఇచ్చినప్పుడల్లా నీలం పొగ, ఆయిల్ వారానికే తగ్గిపోతా ఉంటే పిస్టన్ రింగులు, బోరు (సిలిండర్ లోపలి గోడ). నల్ల పొగ కార్బురేటర్ పని, ఇంజన్ జోలికి పోవద్దు. చలికాలం పొద్దున తెల్లగా వచ్చి పోయేది ఉత్త ఆవిరి. సౌండ్లలో అయితే టిక్ టిక్ ట్యాపెట్, ఎడమ వైపు నుంచి కరకరమని గొలుసు రాసుకున్నట్టు వస్తే టైమింగ్ చైన్, లోడు మీద అడుగు నుంచి దబ్ దబ్ అని బరువుగా వస్తే కనెక్టింగ్ రాడ్. ఆ ఆఖరిది వినిపిస్తే మాత్రం బండి నడపకండి, ఆటోలో వేసుకుని పోండి.

రింగులా వాల్వులా అని తేలకపోతే ఒక పరీక్ష ఉంది. ప్లగ్గు బొక్కలో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి నాలుగు సార్లు కిక్ తిప్పి, ప్లగ్గు పెట్టి మళ్ళీ నొక్కి చూడండి. కిక్ ఇప్పుడు గట్టిపడితే రింగులు అరిగినాయి, ఆయిల్ ఆ సందు మూసింది. అప్పటికీ తేలిగ్గానే ఉంటే వాల్వుల దగ్గర లీకు, ముందు ట్యాపెట్ చూసి, అప్పుడూ కాకపోతే హెడ్ విప్పి వాల్వులు లాపింగ్ (సీటుకి సరిగ్గా ఆనేట్టు రుద్దడం) చేయించండి, బోరు ముట్టుకోవాల్సిన పని లేదు. ఈ పరీక్ష చేసి పోతే "ఫుల్ ఇంజన్ చేసేద్దాం సామీ" అనే మాట ముందు మీరు ధైర్యంగా నిలబడతారు. బోరు వేయించాల్సే (సిలిండర్ లోపల కోసి పెద్దది చేయించాల్సే) వస్తే పిస్టన్లు 0.25, 0.50 అట్లా సైజు పెరగతా వస్తాయి, 0.25తో అయిపోయేదానికి 0.50 వేయించుకోవద్దు, తర్వాత ఇంకోసారి వేయించేదానికి మిగలాల కదా. ముందు పిస్టన్ కొని, దాన్ని లేత్ ఆయన చేతికిచ్చి, దానికి తగ్గట్టు బోరు వేయమని చెప్పండి. వేసినాక మొదటి 500 కిలోమీటర్లు 40, 45 దాటకుండా, ఒకే స్పీడ్‌లో పోకుండా, డబుల్స్ ఎక్కించుకోకుండా నడిపి, 500కి ఆయిల్ మార్చండి.

ఇంక వరద. 2021 నవంబర్లో తిరుపతిలో పడిన వాన ఈ ఊరోళ్ళు ఎవరూ మరిచిపోరు. మా వీధిలో నీళ్ళు బండి సీటు దాకా వచ్చినాయి, రెండు రోజులు మునిగే ఉంది. నీళ్ళు తగ్గిన పొద్దున వీధిలో అందరూ కిక్కులు కొడతా ఉన్నారు. అది మాత్రం చెయ్యకండి. నీళ్ళు గాలి మాదిరి అణగవు, సిలిండర్లో నీళ్ళుంటే ఆ తోపుకి కనెక్టింగ్ రాడ్ వంగిపోతాది. ముందు ప్లగ్గు తీసి, కిక్ చేత్తో మెల్లగా నొక్కండి, నీళ్ళు పిచికారీ కొట్టినట్టు బయటికి వస్తాయి, అవి ఆగేదాకా నొక్కి రెండు చెంచాల ఆయిల్ పోసి మళ్ళీ తిప్పండి, తుప్పు పట్టకుండా. తర్వాత కింద బోల్టు తీస్తే ఆయిల్ పాలెక్కువైన టీ మాదిరి కారింది మాకు. ట్యాంకు, కార్బురేటర్ రెండూ పూర్తిగా దించేసి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తుడిచి, మ్యాగ్నెట్ కవర్ విప్పి బురద కడిగి ఎండలో పెట్టినాం, సైలెన్సర్ ఊడదీసి నిలబెట్టినాం. అప్పుడు దొరికిన చవక ఆయిల్ పోసి అయిదు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచి దించేయాల, మళ్ళీ పోసి మళ్ళీ దించాల, టీ రంగు పోయేదాకా. మాకు మూడు సార్లు పట్టింది. ఆ తర్వాతనే మంచి ఆయిల్. చక్రాల బేరింగులు, బ్రేకులు తర్వాత విప్పి గ్రీజు పెట్టించినాం, అది వేరే పని.

నాలుగో రోజు సాయంత్రం అది మొదటిసారి స్టార్ట్ అయినప్పుడు సైలెన్సర్లోంచి ముందు ఎర్ర నీళ్ళు కక్కింది, తర్వాత గోడంతా ఆవిరి, పక్కింటామె బట్టలు తీసేసుకుంటా తిడతా ఉంది. మా నాయన వరండాలో కుర్చీ మీద నుంచి లేవకుండానే "ట్యాపెట్ సౌండ్ వస్తా ఉందా రా?" అని అరిచినాడు. హెడ్ దగ్గర చెవి పెట్టి విన్నాను. వస్తా ఉంది.